వరద సాయంలో చంటిపిల్లల పాలడబ్బాలు పంచితే తప్పా?

కృష్ణలంక కుర్రాడు:
2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగుకి గండిపడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బ్యాచ్ పడవ మీద తిరిగి సరుకులు పంచింది. వాటిలో 40 పాలడబ్బాలు కూడా ఉన్నాయి. ఈసారికి ముందే లిస్టు రాసుకుంటుంటే తెలిసిన డాక్టరు గారు ఆ లైను కొట్టేశారు, చట్టం ఒప్పుకోదట. ఆకలికి గుక్కపట్టి ఏడ్చే బిడ్డ దగ్గర చట్టమేంటండీ?

పిల్లల వార్డు నర్సు:
ఆయన చెప్పింది నిజమే తమ్ముడూ. 1992 నాటి చట్టం ప్రకారం పాలపొడి, పాలసీసాలు అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ ఊరికే పంచకూడదు. వరదలో అయితే ప్రమాదం ఇంకా ఎక్కువ. పొడి కలపాలంటే నీళ్లు మరగాలి, సీసా, పీక ఉడకాలి. నడుం లోతు నీళ్ల మధ్య డాబా మీద పొయ్యి ఎక్కడిది? 2006లో ఇండోనేషియాలోని యోగ్యకర్తలో భూకంపం తర్వాత డబ్బాలు విచ్చలవిడిగా పంచారు. రెండేళ్లలోపు పిల్లల్లో, అవి అందినవాళ్లలో నూటికి 25 మందికి వారంలో విరేచనాలు పట్టుకున్నాయి. అందనివాళ్లలో 12 మందికే.

గుణదల బాబాయ్:
టెన్షన్‌కి తల్లికి పాలు ఇంకిపోతే ఏం చెయ్యాలమ్మా?

పిల్లల వార్డు నర్సు:
ఇంకిపోవు బాబాయ్ గారూ. భయపడితే పాలు దిగడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. బిడ్డను రొమ్ముకి పెడుతూనే ఉంటే దిగుతాయి. ‘నీకు పాలు లేవు, ఇదిగో డబ్బా’ అంటేనే నిజంగా తగ్గిపోతాయి.

సింగ్‌నగర్ అమ్మ:
మీ లెక్కలు సరే మేడమ్. నేను ఆ డాబా మీదే ఉన్నాను. మా పాపకు అప్పుడు మూడో నెల, మొదటి నుంచీ డబ్బాపాలే. మూడు రోజులు వాటర్ ప్యాకెట్ చింపి అలాగే కలిపాను. సీసా కూడా ఆ నీళ్లతోనే కడిగాను. నాలుగో రోజు పొద్దున్నుంచి విరేచనాలు. అలాగని డబ్బా లేకపోతే ఏం పట్టేదాన్ని, గంజా?

పిల్లల వార్డు నర్సు:
మీలాంటివాళ్లకు ఇవ్వాల్సిందేనమ్మా. కానీ ఎవరికి అవసరమో ఆరోగ్య సిబ్బంది అడిగి చూసి, ఆ బిడ్డ మట్టుకే, ఫ్లాస్కులో వేడినీళ్లతో సహా ఇవ్వాలి. సీసా వద్దు, ఉగ్గుగిన్నె చాలు, కడగడం తేలిక. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్, దాంతోపాటు 14 రోజులు జింక్. ఆరు నెలల్లోపు పిల్లలకు రోజుకి 10 మిల్లీగ్రాములు, ఆపైన 20.

కృష్ణలంక కుర్రాడు:
అయితే ఆ డబ్బుతో బాలింతలకు కడుపునిండా అన్నం, పప్పు పెడితే మేలన్నమాట. కానీ అక్కా, పడవ మీద నుంచి ఎవరికి అవసరమో మాకెలా తెలుస్తుంది?

సింగ్‌నగర్ అమ్మ:
పడవలో ఒక ఆశా వర్కర్‌ని ఎక్కించుకోండి తమ్ముడూ. వారం రోజుల్లో మా సందుకి వచ్చిన ఏ పడవలోనూ ఆడమనిషి లేదు. ‘పాలు పడట్లేదు’ అని మా పక్కింటి అమ్మాయి మీలాంటి కుర్రాళ్లకు అరిచి చెప్తుందా?