ఇంటి ముందు సైన్లు: హెచ్‌ఓఏ అన్నింటినీ నిషేధించడం న్యాయమేనా?

కాలిన్_కౌంటీ_వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది టెక్సాస్‌లో డల్లాస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో ఒక కమ్యూనిటీ. అన్నీ విడి ఇళ్లే. మా హెచ్‌ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం) బోర్డు ఒక కొత్త రూల్ ప్రతిపాదించింది. అమ్మకానికి పెట్టిన ఇంటి సైన్, సెక్యూరిటీ కంపెనీ సైన్ తప్ప ముందు లాన్‌లో ఇంకేమీ కనపడకూడదట. ఎలక్షన్ సైన్లు, పిల్లల గ్రాడ్యుయేషన్ సైన్లు, స్కూల్ బ్యాండ్ సైన్లు అన్నీ వద్దు. "పిల్లలు ఆడుకుంటున్నారు, నెమ్మదిగా వెళ్లండి" అని పెట్టుకున్నది కూడా తీసేయాలట.

మే మొదటి శనివారం సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డు ఎన్నికలు. ఇలాంటి ఎన్నికల గురించి టీవీలో రాదు, పేపర్లో కనపడదు. ఎవరు నిలబడ్డారో సగం మందికి తెలిసేది వీధిలో సైన్లు చూసే. సైజు మీద, సంఖ్య మీద, ఎన్నాళ్లు ఉంచాలన్నదాని మీద రూల్ పెట్టండి, నేను ఒప్పుకుంటాను. దాని మీద ఏం రాసి ఉందో చూసి ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని తీసేయమనడం తప్పు. మీరేమంటారు?

ప్రశాంత_వీధి

నేను బోర్డు వైపే. ఇల్లు కొనేటప్పుడు మనమంతా డీడ్ రిస్ట్రిక్షన్స్ (ఇంటి దస్తావేజుతో వచ్చే షరతులు) మీద సంతకం పెట్టాం. వీధి శుభ్రంగా, ఒకే తీరుగా ఉంటుందనే ఎక్కువ ధర పెట్టి ఇక్కడ కొన్నాం. మా పాత కమ్యూనిటీలో 2020 ఎన్నికలప్పుడు ఎదురెదురు ఇళ్లవాళ్లు పోటీపడి సైన్లు పెట్టుకున్నారు. అంతకుముందు పిల్లల్ని ఒకే కారులో స్కూల్‌కి పంపినవాళ్లు, ఆ తర్వాత పలకరించుకోవడం మానేశారు. ఎన్నిక అయిపోయింది, సైన్లు పోయాయి, ఆ దూరం మాత్రం పోలేదు. ఎవరి పార్టీ ఏదైనా సరే, అందరికీ ఒకటే రూల్ ఉంటే ఎవరికీ అన్యాయం జరిగినట్టు కాదు కదండీ.

సెయింట్_లూయిస్_సుధ

ప్రశాంత_వీధి గారూ, మీరు చెప్పిన బాధ నిజమే. కానీ సరిగ్గా ఈ గొడవ మీదే మా పక్క ఊరి నుంచి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

ఊరు లడూ, సెయింట్ లూయిస్ శివారు. బాగా డబ్బున్న ఊరు, దాదాపు అన్నీ విడి ఇళ్లే. 1990 డిసెంబరులో గల్ఫ్ యుద్ధం రాబోతోందన్నప్పుడు మార్గరెట్ గిలియో అనే ఆవిడ యుద్ధం వద్దంటూ తన లాన్‌లో ఒక సైన్ పెట్టింది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. ఎవరో తీసుకుపోయారు. ఇంకోటి పెడితే పడగొట్టారు. పోలీసులకు చెబితే, అసలు ఈ ఊళ్లో ఇలాంటి సైన్లు పెట్టడమే నిషేధం అన్నారు. సిటీ కౌన్సిల్‌ను మినహాయింపు అడిగితే ఇవ్వలేదు. ఆవిడ కోర్టుకు వెళ్లింది. తర్వాత మేడ మీద కిటికీలో మామూలు టైపింగ్ కాగితమంత సైన్ పెట్టింది, గల్ఫ్‌లో శాంతి కావాలని. సిటీ తన ఆర్డినెన్స్ (ఊరి చట్టం) మార్చి దాన్నీ కుదరదంది.

1994లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఏకగ్రీవంగా సిటీ నిషేధాన్ని కొట్టేశారు. తీర్పు రాసిన జస్టిస్ స్టీవెన్స్ చెప్పిన రెండు మాటలు మన చర్చకి పనికొస్తాయి. ఒకటి, సొంత ఇంటి ముందు పెట్టిన సైన్‌కి ఉన్న బలం వేరు, ఎందుకంటే ఆ మాట అంటున్నది ఎవరో దాన్ని బట్టే తెలిసిపోతుంది. అదే మాట కరపత్రంలోనో పేపర్ ప్రకటనలోనో ఉంటే అంత విలువ రాదు. పెద్ద ఖర్చు లేకుండా మామూలు మనిషి నలుగురికీ తన మాట చెప్పుకోగలిగిన దారి ఇది. రెండు, తన ఇంటి విలువ పడిపోయేలా లాన్ నిండా చెత్త సైన్లు నింపుకోవాలని ఏ ఇంటి ఓనరూ కోరుకోడు. కాబట్టి సిటీ అంతగా భయపడనక్కర్లేదన్నారు.

ప్రశాంత_వీధి

సుధ గారూ, మంచి కేసు చెప్పారు, కానీ అక్కడ నిషేధించింది సిటీ. సిటీ అంటే ప్రభుత్వం, దానికి ఫస్ట్ అమెండ్‌మెంట్ (వాక్ స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగ సవరణ) అడ్డు వస్తుంది. హెచ్‌ఓఏ ప్రైవేటు సంఘం. మనం ఇష్టపడి ఒప్పుకున్న షరతులు. లడూ తీర్పు మనకి వర్తించదు.

పార్సిపనీ_మూర్తి

అది నిజమే, కానీ అక్కడితో ఆగిపోలేదు. మా న్యూజెర్సీలో వాక్ స్వేచ్ఛ విషయంలో రాష్ట్ర రాజ్యాంగం ప్రైవేటు సంఘాలకు కూడా కొంతవరకు వర్తిస్తుంది. 2005లో మా పార్సిపనీలోనే వాసిమ్ ఖాన్ అనే ఆయన టౌన్ కౌన్సిల్‌కు పోటీ చేస్తూ, తన టౌన్‌హౌస్ కిటికీలో ఒకటి, తలుపుకి ఒకటి సైన్ పెట్టుకున్నారు. మాజ్డాబ్రూక్ కామన్స్ అనే ఆ కమ్యూనిటీ అసోసియేషన్ తీసేయమంది. అమ్మకం సైన్ తప్ప ఇంకేదీ వద్దన్నది వాళ్ల రూల్, దాదాపు మీ బోర్డు రాసినట్టే. 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఖాన్ పక్షాన తీర్పిచ్చింది. ఇల్లు అమ్ముకుంటానని చెప్పనిచ్చి, ఎన్నికల్లో నిలబడ్డానని చెప్పనివ్వకపోవడం కుదరదంది. సమంజసమైన పరిమితులు పెట్టుకోవచ్చని కూడా చెప్పింది.

టెక్సాస్‌లో ఇది పనిచేయదు. అక్కడి చట్టం చూసుకోవాలి.

కాలిన్_కౌంటీ_వాసి

చూశాను మూర్తి గారూ. టెక్సాస్‌లో దీనికి విడిగా చట్టమే ఉంది. ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి ఎన్నిక అయిన 10 రోజుల దాకా అభ్యర్థుల సైన్లను, బ్యాలట్ ప్రతిపాదనల సైన్లను హెచ్‌ఓఏ నిషేధించడానికి వీల్లేదు. నేలలో పాతినవే ఉండాలనవచ్చు, ఒక్కో అభ్యర్థికి ఒక్కటే అనవచ్చు, నాలుగడుగులు ఆరడుగులు మించితే కాదనవచ్చు. లైట్లు, బెలూన్లు, పాటలు, చూసేవాళ్లకి రోత పుట్టించే మాటలు కూడా వద్దనవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి చూడండి. ప్రశాంత_వీధి గారూ, మీకు బాధ కలిగించినవి ఎలక్షన్ సైన్లు. ఈ కొత్త రూల్ వాటినే ఆపలేదు. ఇరుగుపొరుగు మొహాలు మాడ్చుకునే ఆ మూడు నెలలూ అవి అక్కడే ఉంటాయి. మరి ఈ రూల్‌తో పోయేవేంటి? పక్కింటి అమ్మాయి హైస్కూల్ పాసైందని తల్లిదండ్రులు మురిసిపోతూ పెట్టిన బోర్డు, పిల్లలున్నారు జాగ్రత్త అన్న బోర్డు. ఎవరికీ కష్టం కలిగించనివి పోతాయి, తగాదా తెచ్చేవి మిగులుతాయి. ఎలక ఉందని ఇల్లు తగలబెట్టుకున్నా ఎలక పోయిందన్న తృప్తి మిగులుతుంది, ఇక్కడ అదీ లేదు.

గుమ్మం_తోరణం

ఒక ప్రశ్న. మా గుమ్మానికి తోరణం, వినాయకుడి బొమ్మ ఉన్నాయి. ఈ రూల్ వస్తే వాటినీ సైన్ అంటారా?

కాలిన్_కౌంటీ_వాసి

అనకూడదండీ. మతపరమైన వస్తువులకు టెక్సాస్‌లో విడిగా రక్షణ ఉంది. ఇదివరకు ముఖద్వారం దగ్గర 25 చదరపు అంగుళాలు మించకూడదని పరిమితి ఉండేది. 2021లో చట్టం మార్చి దాన్ని చాలా సడలించారు. అమెరికా జెండాకైతే 2006 నుంచి ఫెడరల్ చట్టమే ఉంది.

సెయింట్_లూయిస్_సుధ

ఏది సైన్, ఏది కాదు అని లెక్కలు మొదలుపెడితే ఎక్కడికి పోతుందో ఆరిజోనాలోని గిల్బర్ట్‌లో చూశాం. అక్కడ సిటీ ఒక్కో రకానికి ఒక్కో కొలత పెట్టింది. సిద్ధాంతాలు చెప్పే సైన్ 20 చదరపు అడుగుల దాకా ఉండవచ్చు, చర్చి ప్రార్థనకి దారి చూపేది 6 చదరపు అడుగులు దాటకూడదు. అది కూడా ప్రార్థనకి 12 గంటల ముందు పెట్టి, అయిన గంటకల్లా తీసేయాలి. ఒక చిన్న చర్చి పాస్టర్ కోర్టుకెళ్తే 2015లో సుప్రీంకోర్టు ఆ రూల్స్ చెల్లవంది. హెచ్‌ఓఏకి ఆ తీర్పు వర్తించకపోవచ్చు, కానీ రకాలు కట్టడం మొదలుపెట్టాక ఆ జాబితాకి అంతం ఉండదన్నది అందరికీ వర్తిస్తుంది. మీ బోర్డులో ఉండేది మీ పొరుగువాళ్లే. ఏ మాట ఉండాలో ఏది పోవాలో తేల్చే పని వాళ్ల నెత్తిన పెట్టడం వాళ్లకీ మంచిది కాదు.

ప్లేనో_రమేశ్

ఒక చిన్న విషయం. కాలిబాటకీ రోడ్డుకీ మధ్యనున్న గడ్డి స్ట్రిప్‌లో పెట్టకండి. అది పబ్లిక్ రైట్ ఆఫ్ వే (రోడ్డు కోసం వదిలిన ప్రజల స్థలం), సిటీవాళ్లు తీసేస్తారు. కూడళ్ల దగ్గర "ఇళ్లు నగదుకి కొంటాం" అని గుచ్చేసే బ్యాండిట్ సైన్ల మీద కోపం అంతా చివరికి ఇళ్లవాళ్ల మీద పడుతోంది.

ప్రశాంత_వీధి

ఎలక్షన్ సైన్లను ఎలాగూ ఆపలేమన్నది నాకు తెలియదు. అలాగైతే ఈ రూల్ వల్ల నేను కోరుకున్న ప్రశాంతత రాదు. కానీ ఏ పరిమితీ లేకుండా వదిలేయడానికి మాత్రం ఒప్పుకోను. మీరు ఏం రాసి పంపుతారో చెప్పండి.

కాలిన్_కౌంటీ_వాసి

మీటింగ్‌కి నేను పట్టుకెళ్లేది ఇది: "ప్రతి ఇంటికీ ఎప్పుడైనా ఒక సైన్, ఆరు చదరపు అడుగుల లోపు, ఇంటి లాన్‌లోనే, ఏ విషయం మీదైనా. ఏదైనా కార్యక్రమం గురించి పెట్టినది అది అయిన వారం లోపు తీసేయాలి. ఎన్నికల సైన్లకు రాష్ట్ర చట్టంలోని కొలతలు, గడువులే. వెలిసిపోయినవి, చిరిగినవి నోటీసు ఇచ్చాక తీసేయాలి." ఇళ్ల అమ్మకం, సెక్యూరిటీ సైన్లకి కూడా ఇదే కొలత.

ప్రశాంత_వీధి

వారం ఎక్కువండీ. మూడు రోజులు చేయండి, నా ఓటు మీకే. నోటీసు ఇచ్చాక ఎన్నాళ్లలో తీయాలో కూడా రాయండి, లేకపోతే చిరిగిపోయినవి దీపావళి దాకా ఉంటాయి.