28 రోజుల్లో విరిగిపోతుందని కాగితం ఉంటే చెరువుకు ఢోకా లేనట్టేనా?

చెరువుకట్ట: మాది గీసుగొండ వైపు. ఊరి పక్కన బట్టల వాషింగ్ యూనిట్ పెడతామని వచ్చినోళ్లు మీటింగులో సబ్బు రసాయనం తాలూకు కాగితం చూపించి, ఇది ఓఈసీడీ అనే దేశాల కూటమి పెట్టిన 301 పరీక్షలో పాసైంది, బ్యాక్టీరియా తేలిగ్గా తినేస్తుంది అన్నారు. సర్పంచ్ తలూపాడు. ఆ కాగితంలో చెరువు సంగతి ఏమీ లేదని నా వాదన. కాదనేవాళ్లు రండి.

ఈటీపీ_డ్యూటీ: అన్నా, ఆ పరీక్షను తీసిపారేయకు. అందులో బ్యాక్టీరియాకు ఆ రసాయనం తప్ప వేరే తిండి పెట్టరు, ముందే దానికి అలవాటు పడ్డ బ్యాక్టీరియాను వాడనివ్వరు. ఖర్చయిన ఆక్సిజన్ లెక్కన 28 రోజుల్లో 60 శాతం దాటాలి, అదీ 10 శాతం విరిగిన దగ్గర్నుంచి పది రోజుల్లోపే. మిగతా 40 ఎటుపోయిందని అడుగుతావేమో, చాలావరకు బ్యాక్టీరియా ఒంట్లోకే పోతుంది. మంచి రసాయనాలే కొన్ని ఇందులో ఫెయిలవుతాయి. ఇంత కష్టమైనదాంట్లో నెగ్గింది చెరువులో నెగ్గదా?

చెరువుకట్ట: గాలి తగిలే చోట నెగ్గుతుంది తమ్మీ. నేను అడిగేది అడుగున సంగతి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు చెరువులో పార దించి చూడు. పైన పల్చగా గోధుమరంగు పొర, కింద అంతా నలుపు, కుళ్లిన గుడ్డు వాసన. ఆ నలుపు ఇనుము సల్ఫైడ్, ఆక్సిజన్ లేనిచోటే నిలుస్తుంది. బట్టల పౌడర్లలో వాడే లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్‌నే తీసుకో. అంతకుముందు వాడిన రకం విరగక నదుల మీద నురగ తేలుతుంటే 1960లలో దాని బదులు దీన్ని తెచ్చారు. పారే నీళ్లలో రోజుల్లో విరిగిపోయే ఈ సరుకే గాలి ఆడని బురదలో దాదాపు విరగదు.

ఇంకోటి, నీళ్ల శాంపిల్‌లో కనబడలేదంటే విరిగిందనే అనుకుంటాం, మట్టికి అంటుకుని కిందికి దిగి ఉండొచ్చు కదా. నోనైల్ ఫీనాల్ ఇథాక్సిలేట్లని బట్టల పరిశ్రమలో బాగా వాడారు, అవి మొదట చకచకా విరుగుతాయి, విరిగాక మిగిలే నోనైల్ ఫీనాల్ తల్లికంటే విషం, చేపల్లో ఆడ హార్మోన్‌లా పనిచేస్తుంది, బురదలో ఏళ్లకేళ్లు ఉంటుంది.

పూడికమట్టి: మరి బురదకు పరీక్షే లేదా ఏంది?

ఈటీపీ_డ్యూటీ: ఉంది, ఓఈసీడీదే 308వ నంబరు పరీక్ష. 2002లో వచ్చింది. రెండు రకాల అడుగు మట్టి తెచ్చి, రెండున్నర సెంటీమీటర్ల మందం పరిచి, పైన మూడు నాలుగింతల నీళ్లు పోసి వంద రోజుల దాకా చూస్తారు. ఖర్చు బాగానే అవుతుంది. ఐరోపాలో రసాయనాలకు పెట్టిన రీచ్ నిబంధనల ప్రకారం రసాయనం సగానికి తగ్గడానికి నదీ చెరువుల నీళ్లలో 40 రోజులు, వాటి అడుగు మట్టిలో 120 రోజులు దాటితే మొండిది కింద లెక్క. కానీ ఆ లెక్క 12 డిగ్రీల దగ్గర. మన చెరువు 12 డిగ్రీలు ఎప్పుడు చూసింది? ఇక్కడ బీఓడీ, అంటే మురుగును తినడానికి బ్యాక్టీరియాకు పట్టే ఆక్సిజన్, కొలిచేదే 27 డిగ్రీల దగ్గర, 3 రోజులకు. పది డిగ్రీలు పెరిగితే విరిగే వేగం రెండింతలకు పైనే ఉంటుంది. మనకెందుకంత టెన్షన్?

చెరువుకట్ట: వేడికి బ్యాక్టీరియా హుషారవుతుంది, నిజమే, నీళ్లలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది మరి. 12 డిగ్రీల దగ్గర లీటరుకు 10.8 మిల్లీగ్రాముల దాకా ఇముడుతుంది, 27 దగ్గర 8. మురుగు కలిసి గుర్రపుడెక్క కమ్మిన చెరువులో ఆ 8 కూడా ఎక్కడిది?

308లో కూడా ఒక లొల్లి ఉంది. ఎంత కడిగినా మట్టిలోంచి ఊడిరాని భాగం కొంత మిగులుతుంది, దాన్ని పోయినట్టు లెక్కేయాలా, దాక్కున్నట్టు లెక్కేయాలా అన్నది నిపుణులే తేల్చుకోలేదు. నేను దాక్కుందనే అంటా. ఎందుకంటే మన పూడిక చెరువులోనే ఉండిపోదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి ట్రాక్టర్లకు ట్రాక్టర్లు పత్తి చేలకు తోలుకున్నాం.

కొత్తవాడ_మగ్గం: అద్దకం తెలిసినోడిగా ఒక మాట. బట్టల అద్దకంలో బాగా వాడే ఎజో రంగుల దగ్గర మీ ఇద్దరి లెక్కా తిరగబడుతుంది. గాలి ఊదే ట్యాంకులో అవి మొండికేస్తాయి, గాలి లేని చోటే రంగు విరుగుతుంది. నీళ్లు తేటపడగానే పని అయిపోయిందనుకుంటారు. మిగిలిన ముక్కలు ఆరోమాటిక్ అమీన్లు, వాటిలో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి, వాటిని తినాలంటే బ్యాక్టీరియాకు మళ్లీ ఆక్సిజన్ కావాలి. అందుకే ముందు గాలిలేని ట్యాంకు, తర్వాత గాలి ఊదేది. ఒక్క ట్యాంకుతో సరిపెడతామంటే సంతకం పెట్టకండి.

ఈటీపీ_డ్యూటీ: ఇది ఒప్పుకుంటా. కానీ ప్రతి సబ్బుకూ 308 అడిగితే చిన్న యూనిట్ పెట్టేవాడే ఉండడు. 301 పాసైనా సరే, మట్టికి గట్టిగా అంటుకునేవాటికే బురద పరీక్ష అడగండి. రసాయనం అమ్మేవాడిచ్చే సేఫ్టీ డేటా షీట్ 12వ సెక్షన్‌లో లాగ్ కేఓడబ్ల్యూ అనే అంకె ఉంటుంది, అది ఎంత పెద్దదైతే నీళ్లు వదిలి మట్టిని అంత పట్టుకుంటుంది, చూడు.

చెరువుకట్ట: ఆ అంకె తల్లి రసాయనానిది, పిల్లది అందులో ఎందుకుంటుంది? నోనైల్ ఫీనాల్‌ది నాలుగున్నర దగ్గర, అంటే నీళ్లలో నిలవక మట్టిని పట్టుకునే రకం. విరిగాక ఏం మిగులుతుందో, దాని అంకె ఎంతో కూడా వచ్చే మీటింగులో అడుగుతా. యూనిట్ మొదలవకముందే తూము దగ్గర పై పొర, నల్ల పొర వేరువేరుగా తీసి ఫ్రీజర్లో పెడదామనుకుంటున్నాం. ప్లాస్టిక్ డబ్బాలు సరిపోతాయా?

ఈటీపీ_డ్యూటీ: వద్దన్నా, గాజు సీసాలు. కొన్ని ప్లాస్టిక్‌లలోంచే నోనైల్ ఫీనాల్ ఊరుతుంది. నిండా నింపకు, గడ్డకడితే పగుల్తాయి.