పొగాకు రెలిచిన రాత్రి వాంతులు: ఆకు వల్లా, చేపల పులుసు వల్లా?

కొండపి_రైతు
మొన్న మా పొగాకు చేలో రెండో రెలుపు, అదే ఆకు తెంపడం. పదకొండు మంది ఆడోళ్లు వచ్చారు. రాత్రి తొమ్మిదింటికి నలుగురికి కడుపులో తిప్పి ఒకటే డోకులు. తెల్లారి వాళ్ల మొగోళ్లు మా గుమ్మం ముందు నిలబడి "నీ ఆకే చేసింది" అని గోల. పొద్దున ఆరింటికి చేసిన పనికి రాత్రి వాంతులేంది? ఆ నలుగురూ చేపల పులుసు తిన్నారు, నాకు తెలుసు. తెలిసినోళ్లు చెప్పండి.

తూర్పుగాలి
పురుగుమందు ఎప్పుడు కొట్టారు?

కొండపి_రైతు
ఇరవై రోజులు దాటింది. ఆ మాట ఎత్తొద్దు.

నర్సమ్మ
అన్నా, ఇది పచ్చాకు జబ్బు. ఆకు మీద మంచు పడితే లోపలి నికోటిన్ ఆ తడిలోకి దిగుతుంది. అది చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. వికారం, వాంతులు, తలనొప్పి, కళ్లు తిరగడం. వెంటనే రాదు. మూడు గంటలకు రావచ్చు, పది పన్నెండు గంటలకూ రావచ్చు. అందుకే అందరూ రాత్రి తిన్న కూర మీదకు నెడతారు. అమెరికాలో ఫ్లోరిడా పొగాకు కూలీల్లో డాక్టర్లు దీన్ని 1970లోనే రాసిపెట్టారు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

కొండపి_రైతు
ఫ్లోరిడా తర్వాత చూద్దాం. చేపలు తిన్నారా లేదా? అది చెప్పమ్మా.

నర్సమ్మ
తిన్నారేమో. వాళ్లతో కూర్చుని తిన్న పిల్లలకు, మొగోళ్లకు ఏమన్నా అయిందా?

కొండపి_రైతు
అది నేనడగలేదు. కానీ ముప్ఫై ఏళ్లుగా ఆ ఆకులోనే తిరుగుతున్నా. నాకొక్కసారి కూడా తిప్పలేదు. మరి నాది ఒళ్లు కాదా?

నర్సమ్మ
చుట్ట తాగుతారా?

కొండపి_రైతు
రోజుకు మూడు. దానికీ దీనికీ ఏం సంబంధం?

నర్సమ్మ
అదే సంబంధం. మీ ఒంటికి నికోటిన్ అలవాటైంది. పొగ తాగేవాళ్లకు ఈ జబ్బు తక్కువ.

నిమ్మతోట
అయితే రెలుపుకు ముందు తలా ఒక చుట్ట పంచండి 😀

రెలుపు_కూతురు
నవ్వులాటగా ఉందా? మా అమ్మ ఆరేళ్లుగా రెలుస్తోంది. ఆకులు తెంపి చంకలో పెట్టుకుంటుంది. సాలు చివరకొచ్చేసరికి జాకెట్టు భుజం దాకా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంటుంది. చేతుల నిండా నల్ల జిగురు. సబ్బుతో రెండుసార్లు రుద్దినా పోదు. ఆ చేత్తో కలుపుకున్న అన్నం చేదు. పోయినేడు శనివారం రాత్రి తెల్లార్లూ డోకింది. శనివారం మా ఇంట్లో నీచు ముట్టరు, పెద్దాయనా. ఊళ్లో సూదులేసే ఆయన గ్యాస్ అని రెండు సూదులేసి మూడొందలు తీసుకున్నాడు. కూలి డబ్బులు అక్కడికే పోయాయి.

కొండపి_రైతు
అంత కష్టమైతే మీ అమ్మను రావొద్దను. ఎవరూ చెయ్యి పట్టుకుని లాక్కురావట్లేదు.

రెలుపు_కూతురు
రాకపోతే మీరొక్కరే రెలుచుకుంటారా? ఆరింటికే ఎందుకు పిలుస్తారో ఆ ముక్క చెప్పండి ముందు.

తూర్పుగాలి
నేను ఇప్పటికీ మందే అంటాను.

నర్సమ్మ
తూర్పుగాలీ, చాలా పురుగుమందులకైతే నోట్లో నీళ్లూరడం, కంటిపాప చిన్నదవడం, ఆయాసం లాంటివి కనిపిస్తాయి. అన్న చెప్పినదాంట్లో అవేం లేవు.
అన్నా, ఎండెక్కి మంచు ఆరాక రెలిపిస్తే సగం గొడవ పోతుంది. చేతులకు రబ్బరు తొడుగులు, చంక కింద ప్లాస్టిక్ పట్టా, తడిసిన బట్ట వెంటనే మార్చడం, ఒళ్లు సబ్బుతో కడుక్కోవడం. వాంతులు ఆగకపోతే, నీరసంతో లేవలేకపోతే ఆసుపత్రికి పోవాలి. పోయినప్పుడు "ఆకు రెలిచాం" అని డాక్టరుకు చెప్పాలి.

కొండపి_రైతు
తొమ్మిదికి మొదలెడితే అయ్యే పనేనా? అదే రోజు రెలవాలి, కర్రలకు అల్లాలి, సాయంత్రానికి బ్యారన్, అదే ఆకును వేడికి ఆరబెట్టే కొట్టం, ఎక్కించాలి. సగం బ్యారన్‌కు మంట పెట్టినా కట్టెలు అన్నీ కాలాల్సిందే. బ్యారన్ కౌలు, కట్టెలు, ఎరువులు అన్నీ అప్పే. వేలంలో ధర ఎంత పలుకుతుందో దేవుడికే తెలియాలి. ఆ మూడు గంటల కూలి నా నెత్తినేసుకోవాలా?

రెలుపు_కూతురు
ఇప్పుడొచ్చారు అసలు సంగతికి. చేపలు కావు, కూలి. మూడు గంటలు తగ్గిస్తే మీరు కూలి కోస్తారు. కోస్తే అమ్మ మళ్లీ ఆరింటికే వస్తానంటుంది. నాకు భయమంతా అదే.

నిమ్మతోట
ఇద్దరు ఎక్కువ మందిని పెట్టుకుంటే సాయంత్రానికి బ్యారన్ నిండదా?

కొండపి_రైతు
మనుషులు దొరికితేగా. మా ఊరి ఆడోళ్లంతా పక్కూరి మిరపకాయ కోతలకు పోతున్నారు.

రెలుపు_కూతురు
అక్కడ వాంతులు కావు మరి.

కొండపి_రైతు
సరే. ఎల్లుండి మూడో రెలుపు. ఎనిమిదిన్నరకు రమ్మంటా. తొడుగులు టంగుటూరులో దొరుకుతాయేమో చూస్తా. కూలి సంగతి సాయంత్రం లెక్కలప్పుడు మాట్లాడుకుందాం.

రెలుపు_కూతురు
సాయంత్రం కాదు. సాలులో దిగకముందే చెప్పండి.