రుయి కోస్టా ఏడేళ్లు ఫ్లోరెన్స్‌లో ఉండిపోవడం ప్రేమా, పొరపాటా?

పదో నంబరు చొక్కా:
పోయిన ఆదివారం మా బావతో మొదలైన గొడవ ఇది. భోజనాల దగ్గర తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా మాట సూటిగా చెప్తాను, తర్వాత తిట్టండి. పోర్చుగల్ ఫుట్‌బాల్ ఆటగాడు రుయి కోస్టా తన కెరీర్‌ని తనే పాడుచేసుకున్నాడు.

1994లో 22 ఏళ్లకి లిస్బన్ క్లబ్బు బెన్‌ఫికా నుంచి ఫ్లోరెన్స్ జట్టు ఫియొరెంటినాకి వెళ్లాడు. 2001 దాకా కదల్లేదు. మిడ్‌ఫీల్డర్‌కి 22 నుంచి 29 అంటే పంట చేతికొచ్చే కాలం. ఆ కాలంలో ఇతనికి దక్కినవి రెండు ఇటాలియన్ కప్పులు (1996, 2001), ఒక సూపర్ కప్పు. లీగ్ టైటిల్ ఒక్కటి లేదు.

పక్కన పోర్చుగల్‌కే ఆడిన ఫీగోని పెట్టి చూడండి. 1991లో లిస్బన్‌లో అండర్-20 ప్రపంచ కప్ ఫైనల్, బెన్‌ఫికా మైదానమైన లూజ్ స్టేడియంలో లక్షకు పైగా జనం, అవతల బ్రెజిల్. మ్యాచ్ పెనాల్టీల దాకా పోయింది. గెలిపించిన ఆఖరి పెనాల్టీ కొట్టింది రుయి కోస్టా. ఫీగో అదే జట్టులో ఉన్నాడు. ఆ రాత్రికి ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారు. ఫీగో 1995లో బార్సిలోనాకి వెళ్లాడు, అక్కడ రెండు లీగ్‌లు గెలిచాడు, 2000లో మాడ్రిడ్‌కి మారాడు, ఏడాదికి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ పట్టుకెళ్లాడు. మరి మనవాడు?

"వాడు డబ్బు మనిషి కాదురా" అంటాడు మా బావ. డబ్బు సంగతి నేనెత్తలేదు. అడుగు ముందుకేసే ధైర్యం చాల్లేదంటున్నా.

గచ్చిబౌలి గోలీ:
ఫీగోతో పోలిక పెట్టినవ్ కాబట్టి అడుగుతున్న అన్నా. బార్సిలోనా నుంచి మాడ్రిడ్‌కి పోయినంక ఫీగోకి బార్సిలోనా మైదానం క్యాంప్ నౌలో ఏం జరిగిందో మర్చిపోయినవా? 2002లో కార్నర్ కొట్టనీకి పోతే స్టాండ్స్ నుంచి పంది తలకాయ వచ్చి పడింది. రుయి కోస్టా గురించి ఫ్లోరెన్స్‌లో ఇయ్యాల్టికీ ఒక్క చెడ్డ మాట వినవు. ట్రోఫీలు లెక్కపెట్టేటప్పుడు ఇది కూడా ఏదో ఒక గడిలో రాయాలె కదా.

పదో నంబరు చొక్కా:
రాస్తాను. "జనం మెచ్చుకోలు" అని గడి పెట్టి 1 వేస్తాను. పక్క గడిలో లీగ్ టైటిళ్లు 0 అలాగే ఉంటుంది.

ఆర్నో ఒడ్డు:
చొక్కాగారూ, మీ లెక్కలో అసలు విషయం పడలేదు. ఫియొరెంటినా అంటే మీరు ఏదో చిన్న ఊరి జట్టులా మాట్లాడుతున్నారు. 1998-99 సీజన్ మీరు చూశారా? నేను చూశాను. అప్పట్లో ఇటాలియన్ లీగ్ అంటే ప్రపంచంలోనే గట్టి లీగ్. కోచ్ ట్రపటోని, ముందు బాటిస్టూటా, ఎడ్ముండో, వాళ్ల వెనక రుయి కోస్టా. సగం సీజన్ అయ్యేసరికి టేబుల్‌లో పైన ఉన్నది ఫియొరెంటినానే.

తర్వాతేమైందంటే, ఫిబ్రవరిలో మిలాన్‌తో మ్యాచ్‌లో బాటిస్టూటా మోకాలు దెబ్బతింది. సరిగ్గా అదే సమయానికి ఎడ్ముండో రియో కార్నివాల్‌కి విమానం ఎక్కేశాడు! నవ్వొస్తుంది కానీ నిజం. అలా వెళ్లొచ్చని అతని ఒప్పందంలోనే ఉందట. ఒకడు మంచం మీద, ఇంకోడు కార్నివాల్‌లో. పాస్ ఇవ్వడానికి రుయి కోస్టా ఉన్నాడు, అందుకునేవాడు లేడు. చివరికి మూడో స్థానం. టైటిల్ మిలాన్‌కి పోయింది.

ఇందులో అతని ధైర్యం చాలకపోవడం ఎక్కడుంది? మోకాలు నిలబడి ఉంటే మీ సున్నా ఒకటయ్యేది, ఈ గొడవే ఉండేది కాదు. మరుసటి ఏడాది యూరప్ మేటి క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్‌లో ఇదే జట్టు వెంబ్లీలో ఆర్సెనల్‌ని 1-0తో కొట్టింది, సొంత గడ్డ మీద మాంచెస్టర్ యునైటెడ్‌ని 2-0తో ఓడించింది. యునైటెడ్ అప్పటికి యూరప్ చాంపియన్. ఇలాంటి జట్టులో ఆట నడిపేవాడి పదో నంబరు వేసుకోవడాన్ని పొరపాటు అనేస్తే ఎలాగండీ?

ఇంకొకటి. 2000లో బాటిస్టూటా రోమాకి వెళ్లిపోయాడు, మరుసటి ఏడాదే లీగ్ గెలిచాడు. రుయి కోస్టా ఉండిపోయి, కెప్టెన్ పట్టీ కట్టుకుని, 2001లో పార్మా మీద ఇటాలియన్ కప్పు ఎత్తాడు. క్లబ్బేమో అప్పటికే అప్పుల్లో మునుగుతోంది. ఆ వేసవిలో అతన్ని అమ్మారు, గోల్‌కీపర్ టోల్డోని అమ్మారు. ఏడాది తిరక్కుండా జట్టు రెండో డివిజన్‌కి పడిపోయింది, తర్వాత దివాలా తీసి నాలుగో డివిజన్‌లో కొత్త పేరుతో మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది. అతను వెళ్లిపోయాడనడం తప్పు. ఇల్లు కూలుతుంటే వాకిట్లో ఉన్న విలువైన సామాను అమ్ముకున్నట్టు అమ్మారు.

పదో నంబరు చొక్కా:
ఎడ్ముండో సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ చూడండి, మీరే చెప్పారు, బాటిస్టూటా వెళ్లాడు, ఒక్క ఏడాదిలో గెలిచాడు. నా వాదన కూడా అదే కదా! రుయి కోస్టా 1999లోనే కదిలి ఉంటే?

లెక్కల మాస్టారు:
ట్రోఫీలే కొలబద్ద అయితే, బాబూ, పోర్చుగల్‌లో ఆ తరం మిడ్‌ఫీల్డర్లలో పెద్దవాడు పాలో సౌసా కావాలి. 1996లో యువెంటస్‌తో ఛాంపియన్స్ లీగ్, 1997లో డోర్ట్‌మండ్‌తో మళ్లీ అదే. అదీ ఫైనల్లో పాత జట్టు యువెంటస్‌నే ఓడించి. వరసగా రెండేళ్లు, రెండు వేర్వేరు క్లబ్బులతో. ఈ ఘనత ఎంతమందికుంది? అయినా మీలో ఎవరైనా సౌసా పోస్టరు గోడకి అంటించుకున్నారా? నిజం చెప్పండి.

గాయాల వల్ల అతని కెరీర్ తొందరగా అయిపోయింది, అది వేరే సంగతి. ఎక్కడికి ఎప్పుడు వెళ్లాలో సౌసాకి తెలిసినట్టు రుయి కోస్టాకి తెలీదు, సరే. కానీ ఈ చర్చ రుయి కోస్టా పేరు మీద ఎందుకు నడుస్తోందో ఒక్క నిమిషం ఆలోచించండి.

సాన్ సీరో సెకండ్ హాఫ్:
మిలాన్ జట్టు అభిమానిని, నా మాటా వినండి. మీరందరూ ఫ్లోరెన్స్ దగ్గరే ఆగిపోయారు. అసలు కథ మా దగ్గర.

2001లో మా వాళ్లు ఇతనికి పెట్టిన డబ్బు 8,500 కోట్ల లీరాలు, యూరోల్లో 4 కోట్ల పైచిలుకు. మిలాన్ అప్పటిదాకా ఎవరికీ అంత పెట్టలేదు. ఫ్లోరెన్స్‌లో ఇతని కోచ్‌గా ఉన్న ఫాతిహ్ టెరిమే ఆ ఏడాది మాకూ కోచ్. నవంబరుకల్లా టెరిమ్‌ని పంపేసి ఆంచెలొట్టిని తెచ్చారు. కొత్త అల్లుడు వచ్చేసరికి మావగారు మారిపోయినట్టయింది.

గోల్స్ చూస్తే మాకు ఐదేళ్లలో లీగ్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఫియొరెంటినాకి ముప్ఫైకి పైగా కొట్టినవాడు! కానీ 2002-03లో మ్యాచ్ చూసినవాళ్లకి తెలుసు అతను ఏం చేశాడో. పిర్లో వెనక్కి జరిగి డిఫెన్స్ ముందు నిలబడితే, బంతి అక్కడి నుంచి రుయి కోస్టాకి వచ్చేది. సాక్స్ కిందికి జారిపోయి, చొక్కా బయటికి వేలాడుతూ, తల మాత్రం పైకే. బంతి వైపు చూసేవాడే కాదు. కుడి కాలి బయటి అంచుతో షెవ్‌చెంకో పరిగెత్తబోయే చోటికి వదిలేవాడు. అవతలి డిఫెండర్ తిరిగి చూసేసరికి అయిపోయేది. 2003 మే 28న ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో యువెంటస్‌తో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో ఉన్నాడు. మనకి అర్ధరాత్రి పన్నెండుంబావుకి మొదలై, గోల్ లేకుండా పెనాల్టీల దాకా సాగింది. మేం గెలిచాం.

రెండు నెలలు తిరిగేసరికి కకా వచ్చాడు. 21 ఏళ్లవాడు, బంతితో పరిగెడితే బంతి లేనివాడికన్నా ముందుండేవాడు. 31 ఏళ్లవాడికి ఇంక బెంచే. 2004 లీగ్ టైటిల్ అతని ఖాతాలో ఉంది, కానీ ఎక్కువగా రెండో సగంలో దిగి గెలిచింది. చొక్కా మీద పది ఉంది, ఆట మాత్రం 22 నంబరు కకా దగ్గరికి పోయింది. ఒక్కసారి కూడా మూతి ముడుచుకోలేదు మనిషి. మేం ఓడిన 2005 ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో అదనపు సమయం చివర్లో దిగాడు, అది మాత్రం నన్ను తల్చుకోనివ్వకండి.

కాబట్టి చొక్కాగారికి నా సగం ఓటు. తప్పు ఏడేళ్లు ఉండటం కాదు, రెండేళ్లు ఆలస్యంగా రావడం. 1999లో వచ్చి ఉంటే నాలుగేళ్లు మా బండి నడిపేవాడు.

గచ్చిబౌలి గోలీ:
కొత్త అల్లుడు, మావగారు 😂 గిది మాత్రం సూపర్.

రాత్రి బస్సు:
ట్రోఫీల సంగతి నాకు రాదు. 2004 జూన్ 24 రాత్రి మాత్రం చెప్తాను. హాస్టల్ టీవీ గదిలో ఆరుగురం, ఫ్యాన్ ఒకటి. యూరప్ దేశాల టోర్నీ యూరో క్వార్టర్ ఫైనల్, పోర్చుగల్‌తో ఇంగ్లండ్. టోర్నీ మొదటి మ్యాచ్‌లో గ్రీస్ చేతిలో ఓడాక రుయి కోస్టాని తీసేసి డెకోని ఆడిస్తున్నారు. డెకో బ్రెజిల్‌లో పుట్టి పోర్చుగల్ పౌరసత్వం తీసుకున్నవాడు. అతన్ని జట్టులోకి తీసుకోవడం మీద ఫీగో బాహాటంగానే అభ్యంతరం చెప్పాడు. అలాంటి డెకో కోసం రుయి కోస్టా బెంచి మీద కూర్చున్నాడు. అదీ తను పెరిగిన క్లబ్బు బెన్‌ఫికా లూజ్ మైదానంలో.

ఆఖరి పావుగంటలో దిగాడు. అదనపు సమయంలో, 110వ నిమిషం. మధ్యలో బంతి అందుకుని, ఫిల్ నెవిల్‌ని భుజంతో పక్కకు తోసి, పెనాల్టీ పెట్టె బయట నుంచే లాగి కొట్టాడు. గోల్ బార్ అడుగున తగిలి లోపలికి. మా వార్డెన్ లేచి వచ్చేశాడు. తిట్టడానికి వచ్చిన మనిషి రీప్లే చూస్తూ తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

తర్వాత లాంపార్డ్ సమం చేశాడు, పెనాల్టీలు. రుయి కోస్టా తన పెనాల్టీని బార్ మీదుగా గాల్లోకి లేపేశాడు. 1991లో అదే పేరున్న మైదానంలో ఆఖరి పెనాల్టీ కొట్టి గెలిపించినవాడు! అప్పుడు అతని ముఖం చూడాల్సింది. గోల్‌కీపర్ రికార్డో చేతొడుగులు తీసేసి వాసెల్ బంతిని ఆపి, తనే వెళ్లి ఆఖరిది కొట్టాడు కాబట్టి సరిపోయింది.

ఫైనల్లో మళ్లీ గ్రీస్ చేతిలో ఓడారు. అదే దేశం తరఫున అతని ఆఖరి మ్యాచ్. 94 మ్యాచ్‌లు, 26 గోల్స్.

బెర్లిన్ 97:
దేశం తరఫున ఆడిన సంగతి ఎత్తారు కాబట్టి, నా పేరు ఎందుకిలా ఉందో చెప్తాను. 1997 సెప్టెంబరు 6, ప్రపంచ కప్ క్వాలిఫయర్, బెర్లిన్‌లో జర్మనీ మీద పోర్చుగల్ 1-0తో ముందుంది. కోచ్ రుయి కోస్టాని మారుస్తున్నాడు. మనిషి మైదానం దాటి నడుస్తున్నాడు. మెల్లగా నడిచాడని రిఫరీ మార్క్ బాటా రెండో పసుపు కార్డు చూపించాడు. అంటే ఎరుపు. కెరీర్ మొత్తంలో అతనికి అదొక్కటే ఎర్ర కార్డు, అదీ బయటికి నడుస్తున్నందుకు! బదులుగా దిగాల్సినవాడు గీత దగ్గరే ఆగిపోయాడు, పదిమందితో ఆడి 1-1 చేసుకున్నారు. 1998 ప్రపంచ కప్పుకి పోర్చుగల్ పోలేదు. చొక్కాగారూ, దీన్ని ఏ గడిలో వేస్తారు? ఇది కూడా ధైర్యం లేకపోవడమేనా?

పదో నంబరు చొక్కా:
దాన్ని రిఫరీ గడిలో వేస్తాను, నా గడిలో కాదు.

సరే, ఒక మెట్టు దిగుతాను. 1999 వరకు ఉండటాన్ని పొరపాటు అనను. ఎడ్ముండో కథ విన్నాక అనలేను. కానీ బాటిస్టూటా వెళ్లిపోయాక, క్లబ్బు అప్పుల్లో ఉందని తెలిసీ ఇంకో ఏడాది ఎందుకు? సాన్ సీరోగారు చెప్పిన ఆలస్యంలో సగం అదే. దీనికి ఎవరైనా సరైన జవాబివ్వండి, మా బావకి పంపిస్తాను.

ఆర్నో ఒడ్డు:
జవాబు అతను వేరే చోట ఇచ్చాడు. 1996లో ఫియొరెంటినా బెన్‌ఫికాతో స్నేహపూర్వక మ్యాచ్‌కి లిస్బన్ వెళ్లింది. రుయి కోస్టా గోల్ కొట్టాడు. కొట్టి ఏడ్చాడు. పాయింట్లు లేని మ్యాచ్ అది! పదేళ్ల తర్వాత మిలాన్‌లో ఒప్పందం ఇంకా మిగిలుండగానే పెద్ద జీతం వదులుకుని బెన్‌ఫికాకే తిరిగొచ్చాడు. రెండేళ్లు ఆడాడు, ఏమీ గెలవలేదు, 2008 మేలో బూట్లు విప్పి అదే క్లబ్బు ఆఫీసులో కూర్చున్నాడు. 2021 నుంచి ఆ క్లబ్బుకి అధ్యక్షుడు. ఇలాంటి మనిషిని "ఇంకో ఏడాది ఎందుకు ఉన్నావ్" అని మీరే అడగాలి, నేనడగలేను.

లెక్కల మాస్టారు:
అధ్యక్షుడయ్యాక 2023లో లీగ్ గెలిచాడు, అది మాత్రం లెక్కలో వేసుకో బాబూ. ఆటగాడిగా కాదులే.

పదో నంబరు చొక్కా:
బావకి లింకు పంపాను. "నేను చెప్పలేదా" అని ఒక్క ముక్క రాశాడు, ఏం చెప్పాడో తనకే గుర్తుండి ఉండదు. ఆదివారం మళ్లీ వస్తున్నాడు. ఈసారి డెకో మీద మొదలుపెడతాను.