మొదటిసారి హారర్ గేమ్ ఆడేవాళ్లకి ముందే ఏటి చెప్పాలి?

గంటస్తంభం_గేమర్ (విజయనగరం):
సిరిమానోత్సవానికి మా పెద్దమ్మ మనవలు శ్రీకాకుళం నుంచి వస్తున్నారు. పదిహేను, పదహారేళ్ల గుంటలు, హారర్ గేమ్ మొహం ఎరగరు. ‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’ మొదటి భాగం ఆడిద్దామని ఉంది. అదే, పిజ్జా హోటల్లో రాత్రి కాపలావాడిగా కూర్చుని, నడిచొచ్చే యంత్రపు బొమ్మలు మీదకి రాకుండా ఉదయం దాకా కాచుకునే ఆట. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, దాన్ని టీవీకి కలుపుతాను. హడలిపోవాలి, పడీపడీ నవ్వుకోవాలి, ఒక్క రాత్రయినా గట్టెక్కాలి. ఏటేటి సర్దుకోవాలి?

నాగావళి_నైట్స్:
ల్యాప్‌టాప్ గురించి బెంగ వద్దు తమ్ముడూ. 2014లో స్కాట్ కాథన్ చేసిన గేమ్ అది, 1 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది. టచ్‌ప్యాడ్‌తో మాత్రం ఆడించకు, మౌస్ పెట్టు. అందులో మనం కుర్చీలోంచి లేవలేం. పాయింటర్‌ని స్క్రీన్ అంచుకి తీసుకెళ్తే చూపు ఆ పక్కకి తిరుగుతుంది, కిందకి జారితే కెమెరా మానిటర్ దానంతటదే పైకి లేస్తుంది. కొత్తవాళ్ల కేకల్లో సగం ఇక్కడివే: బొమ్మ గుమ్మంలో నిలబడి ఉంటుంది, చెయ్యి వణికి పాయింటర్ కిందకి పోతుంది, తలుపు బదులు మానిటర్ వస్తుంది. తలుపుకి ఒకటే బటన్. ఒకసారి నొక్కితే మూత, మళ్లీ నొక్కితే తెరుపు. కంగారులో రెండుసార్లు నొక్కినవాడు మూసిన తలుపు తనే తీసి పిలిచినట్టు. ఈ రెండూ ముందే చెప్పు, మిగతావి వాళ్లే కనుక్కోనీ.

బొబ్బిలి_వీణ:
ఆటలో ఇచ్చే కరెంటు కొంచెమే, ఆ లెక్క కూడా చెప్పాలి అన్నా, లేకపోతే ఒక్క రాత్రి కూడా గెలవలేరు. రాత్రి 12 నుంచి ఉదయం 6 వరకు ఆట. ఒక్కో గంట దాదాపు ఒకటిన్నర నిమిషం, మొత్తం 9 నిమిషాలు. ఏమీ వాడకుండా కూర్చున్నా సుమారు 10 సెకన్లకి 1 శాతం పోతుంది. తలుపు, లైటు, మానిటర్ ఏది వాడినా ఒక్కోదానికీ అంతే అదనం. భయపడి రెండు తలుపులూ మూసుకు కూర్చుంటే మూడింతల ఖర్చు, నాలుగు కొట్టకముందే కరెంటు ఖాళీ.

మొదటి రాత్రి 2 గంటల దాకా ఎవరూ కదలరు. అంతవరకు తలుపులు తీసే ఉంచి, మానిటర్ దించి, ఆటలోనే మోగే ఫోన్‌లో మనిషి చెప్పేది వినాలి. అది ఇంగ్లీషులో గబగబా పోతుంది, పక్కన కూర్చుని నువ్వు తెలుగులో చెప్పు. రెండు దాటాక ఎడమ లైటు, కుడి లైటు ఒక్క క్షణం వేసి ఆపడం, మానిటర్‌లో ఒక చూపు, మళ్లీ లైట్లు. ఎడమ గుమ్మంలోకి బానీ అనే కుందేలు బొమ్మ వస్తుంది, కుడి కిటికీలోంచి చికా అనే కోడి బొమ్మ చూస్తుంది. కనబడ్డప్పుడే ఆ తలుపు మూయాలి, వెళ్లిపోయిందో లేదో లైటు వేసి చూసి తెరవాలి. బటన్ నొక్కినా లైటు వెలగడం లేదంటే మౌస్ పాడైందనుకుని విదిలిస్తారు. మౌస్ బాగానే ఉంటుంది. బొమ్మ లోపలికి వచ్చేసింది, ఇంక మానిటర్ ఎత్తి దించడమే తరువాయి. ఈ ముక్క మాత్రం వాళ్లకి చెప్పకు, గది మొత్తం ఎగిరిపడేది అక్కడే.

పలాస_జీడిపప్పు:
టీవీ స్పీకర్ వద్దని నా మాట. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే శబ్దం టీవీకి పోతుంది, చుట్టూ ఉన్నవాళ్ల అరుపుల్లో అడుగుల చప్పుడు ఆడేవాడికి వినబడదు. వంటగది కెమెరాలో బొమ్మ రాదు, గిన్నెల చప్పుడు ఒక్కటే వస్తుంది. అది వింటే చికా అక్కడుందని అర్థం. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ ఎంచుకుని, ఆడేవాడికి వైరున్నది పెట్టు. బ్లూటూత్ అయితే శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది. వాల్యూమ్ 30, 40 దాటనివ్వకు. ఫోన్ గొంతు చిన్నగా ఉందని పెంచేస్తే చివర్లో వచ్చే అరుపుకి చెవులు గింగురుమంటాయి. లైట్లు టపటపా కొట్టుకుంటాయి కాబట్టి మూర్ఛ వచ్చే పిల్లలుంటే ఆ గేమ్ జోలికే వెళ్లకండి.

గంటస్తంభం_గేమర్:
భలే చెప్పారు. నలుగురూ కలిసి ఆడేలా ‘ఫాస్మోఫోబియా’ అనే దెయ్యాల వేట గేమ్ పెడితే?

నాగావళి_నైట్స్:
దానికి నలుగురికీ విడివిడిగా కంప్యూటర్లు కావాలి, మంచి గ్రాఫిక్స్ కార్డూ కావాలి. నీ ల్యాప్‌టాప్ లాగదు. దీన్నే వంతులేసుకోండి: ఒకడు మౌస్, ఒకడు కరెంటు శాతం చదవడం, ఇంకొకడు గడియారం. ఇన్వర్టర్ చార్జింగ్ చూసుకో. రాత్రి మధ్యలో సేవ్ అవదు, ఇంట్లో కరెంటు పోయి ల్యాప్‌టాప్ ఆగితే ఆ రాత్రి మళ్లీ 12 నుంచే.

బొబ్బిలి_వీణ:
గేమ్‌లో కరెంటు పోయినా 5 దాటి ఉంటే మౌస్ వదిలెయ్యమను. చీకట్లో ఫ్రెడ్డీ అనే ఎలుగుబంటి బొమ్మ పాట ఎంతసేపన్నది ప్రతిసారీ మారుతుంది, అది ఆగేలోపు 6 కొడితే గెలిచినట్టే. రెండో రాత్రి నుంచి, ఫాక్సీ అనే నక్క బొమ్మ తెర వెనక ఉండే పైరేట్ కోవ్ కెమెరా చూస్తుండాలి. అక్కడ తెర ఖాళీ అయిందంటే ఫాక్సీ పరుగెత్తుకొస్తోంది, వెంటనే ఎడమ తలుపు.