పామ్ స్ప్రింగ్స్‌లో స్థిరపడదామనుకుంటున్నాం, అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి

శారద_శాన్‌హోజే:
మావారు వచ్చే మార్చిలో రిటైర్ అవుతున్నారు. ఇక్కడి ఇల్లు అమ్మేసి దక్షిణ కాలిఫోర్నియా ఎడారిలో ఉన్న పామ్ స్ప్రింగ్స్ వెళ్లిపోదామంటున్నారు. డిసెంబరులో వారం ఉండి వచ్చాం. పొద్దున్నే నీరెండ, చుట్టూ కొండలు. ఆయనకి మోకాళ్ల నొప్పులు కూడా తగ్గాయి. వారం రోజులు చూసి ఇల్లు కొనేయొచ్చా అని నాకు టెన్షన్.

రెంటచింతలవాణ్ణి:
శారద గారూ, డిసెంబరు చూసి మాత్రం కొనకండి. మేం ఇక్కడ ఐదేళ్లుగా ఉంటున్నాం. 2024 జులై 5న 124 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చింది, అంటే మన లెక్కలో 51. ఈ ఊరికి అదే రికార్డు. రెంటచింతల ఎండల్లో పెరిగినవాణ్ణి, నాకే భయమేసింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాకింగ్ తెల్లారకముందే అయిపోవాలి. చలికాలం గడిపి వెళ్లేవాళ్లు ఏప్రిల్, మే కల్లా ఖాళీ చేస్తారు, వీధి వీధంతా తాళాలే.
గాలి పొడిగా ఉంటుంది కదా, పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గుతున్న సంగతే తెలియదు. ఒక ఆగస్టులో మా ఏసీ ఆగిపోయింది, మెకానిక్ రావడానికి రెండు రోజులు పట్టింది. మొదటి సాయంత్రమే మా ఆవిడ కళ్లు తిరిగి వంటింట్లో పడిపోయింది. అప్పటినుంచి ఏటా ఏప్రిల్లోనే ఏసీ చూపిస్తున్నాను.

లక్ష్మి_రివర్‌సైడ్:
ఇంకో మాట. ఇల్లు నచ్చితే ముందు నేల ఎవరిదో అడగండి. ఆ ఊళ్లో చాలా భూమి అగువా కలియెంటె అనే అక్కడి ఆదివాసీ తెగవాళ్లది. 1870ల్లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని మైలుకు మైలు గళ్లుగా విడదీసి ఒక గడి రైలు కంపెనీకి, పక్క గడి తెగకి ఇచ్చింది. ఆ గళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల నేల మీద ఇల్లు కొంటే గోడలు మనవి, స్థలం లీజు. ధర తక్కువగా కనిపిస్తుంది కానీ లీజు అద్దె విడిగా కట్టాలి. లీజులో ఏళ్లు తక్కువ మిగిలితే బ్యాంకు లోను కష్టం, రేపు పిల్లలు అమ్ముకోవడమూ కష్టమే.

రెంటచింతలవాణ్ణి:
లక్ష్మి గారు చెప్పింది అక్షరాలా నిజం. మేం ఆ కారణంగానే ఒక ఇల్లు వదులుకున్నాం.

సుబ్బు_ఫీనిక్స్:
ఆస్పత్రికి ఇబ్బంది లేదు, ఊళ్లోనే పెద్దది ఉంది, పక్కన రాంచో మిరాజ్‌లో ఐసెన్‌హోవర్ ఉంది. మన సరుకులన్నీ ఒక్కచోట కావాలంటే మాత్రం లాస్ ఏంజెలెస్ దగ్గరి ఆర్టీసియా దాకా వెళ్లాలి, సుమారు వంద మైళ్లు.

లక్ష్మి_రివర్‌సైడ్:
వేసవిలో ఉండాల్సి వస్తే ట్రామ్‌వే ఎక్కండి, అంటే కొండ మీదికి తీగల మీద వెళ్లే రోప్‌వే. 1963 నుంచి నడుస్తోంది. పది నిమిషాల్లో 8,516 అడుగుల ఎత్తుకు తీసుకెళ్తుంది. పైన కింద కంటే 30 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తక్కువ. మా అమ్మ అక్కడ పైన్ చెట్ల కింద కూర్చుని, కిందికి రానంది.

శారద_శాన్‌హోజే:
అందరికీ కృతజ్ఞతలండీ. మావారికి ఇదంతా చదివి వినిపించాను. ఈ జులైలో రెండు వారాలు అద్దెకు ఉండి చూస్తాం, కొనడం సంగతి తరవాత. అన్నయ్య గారూ, వదిన గారు ఇప్పుడు బాగున్నారా?

రెంటచింతలవాణ్ణి:
బాగుందమ్మా. జులైలో వస్తే మా ఇంటికే భోజనానికి రండి. మినప్పప్పు నానబోసి ఉంచుతానంటోంది, ఇక్కడ వడియాలు ఒక్క పూటలో ఎండిపోతాయి.