అడవిపందికి .223 రైఫిల్‌లో ఏ గుండు వాడాలి?

చిట్టడవి: నా బోల్ట్ యాక్షన్ రైఫిల్‌ను (.223 కొలత తూటాలది) ముందు వాడినవారు దాని వివరాలేవీ చెప్పలేదు. పందులు కనిపించే దూరం నూరు మీటర్లకు మించదు. 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలిచే చిన్న ప్రమాణం) సాఫ్ట్ పాయింట్, అంటే తగిలాక విచ్చుకునే మెత్తని సీసపు ముక్కు గుండు, సరిపోతుందా, లేక నేను కొని ఉంచిన 77 గ్రెయిన్లవే వాడాలా? టెలిస్కోప్ గురిని 50 మీటర్లకు కుదుర్చుకోవాలా, 100 మీటర్లకా?

పాతగురి: నక్కల వంటి చిన్న జంతువుల కోసం పలుచని తొడుగుతో చేసిన గుండ్లను మాత్రం పంది మీద ప్రయోగించకండి. నేను ప్రయోగించి సిగ్గుపడ్డాను. పక్కకు తిరిగి నిలబడిన పెద్ద మగపందిని జబ్బ మీద కొడితే అది కుంటకుండానే పొదల్లోకి వెళ్లిపోయింది. మూడో రోజున నా మిత్రుడి తూటాకు పడిన ఆ పందినే కోసి చూస్తే, జబ్బ మీది గట్టి తోలుపొరలో నా గుండు తునకలై, రెండు వేళ్ల లోతు కూడా దిగలేదు. ఎముక ఒక్కటీ విరగలేదు.

బరువుకాటా: ఇరవై ఏళ్లుగా నా తూటాలను నేనే నింపుకుంటున్నాను కనుక అధికారంగానే చెబుతున్నాను. 55 గ్రెయిన్ల గుండుకూ 62 గ్రెయిన్లదానికీ మధ్య బరువులో తేడా అర గ్రాము కూడా ఉండదు. చూడవలసింది బరువును కాదు, కట్టుబడిని. సీసం తొడుగుకు అతికి ఉండే బాండెడ్ గుండు గానీ, మొత్తం రాగితో చేసినది గానీ విచ్చుకున్నాక కూడా లోపలికి దిగుతుంది.

ఒక్కదెబ్బ: ఇంత శాస్త్రం అనవసరం. నేను ఫుల్ మెటల్ జాకెట్‌నే, అంటే ముక్కు దాకా లోహపు తొడుగున్న గుండునే వాడతాను, చెవి వెనుక కొడతాను, పంది అక్కడే పడుతుంది.

పాతగురి: చెవి వెనుక తగిలితే ఏ గుండైనా పడగొడుతుంది, తగలనప్పటి సంగతి చెప్పండి. ఆ గుండు విచ్చుకోదు కనుక చాలాసార్లు సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది, కొవ్వు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది, నేల మీద నెత్తురు చుక్క ఉండదు. చాలా చోట్ల వేటకు దానిని నిషేధించింది ఊరికే కాదు.

ఒక్కదెబ్బ: గురి తప్పేవారి కోసం నా పద్ధతి మార్చుకోలేను.

బరువుకాటా: తల ఊపుతూ నేల తవ్వే జంతువు మీద ప్రతిసారీ చెవి వెనుకే కొడతానని చెప్పేవారిని నేను చాలామందిని చూశాను. వారి గాయపడిన పందులను వెతకడానికి టార్చి పట్టుకుని వెళ్లింది కూడా నేనే.

ఒక్కదెబ్బ: మీతో నేనెన్నడూ వేటకు రాలేదు. మర్యాదగా మాట్లాడండి.

తుప్పలదారి: మీరిద్దరూ పోట్లాడుకోండి గానీ, పాయింట్ 22 రిమ్‌ఫైర్ అనే చిన్న తూటాతో పందిని కొట్టవచ్చునని ఇంకెవరైనా ఇక్కడ రాసే ముందే చెబుతున్నాను: దాని శక్తి సుమారు 190 జూళ్లు, .223ది 1,700 జూళ్లకు పైమాటే. బోనులో చిక్కిన పంది సంగతి వేరు, బయట తిరిగేదాని సంగతి వేరు.

మెలికలెక్క: అసలు విషయాన్ని ఎవరూ అడగలేదు. చిట్టడవి గారూ, మీ బ్యారెల్ ట్విస్ట్ ఎంత, అంటే గుండును తిప్పే లోపలి గాళ్లు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు మెలిక తిరుగుతాయి? 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే బ్యారెల్‌లో 77 గ్రెయిన్ల గుండు నిలకడగా ఎగరదు, కాగితం మీద అడ్డంగా తగిలి తాళంచెవి రంధ్రం వంటి ముద్ర వేస్తుంది. రాగి సీసం కంటే తేలిక కనుక అదే బరువున్న రాగి గుండు పొడవుగా ఉంటుంది, దానికీ బిగువైన మెలిక కావాలి. ఖాళీ రైఫిల్ నుంచి బోల్ట్ తీసి, శుభ్రం చేసే కడ్డీకి బిగువుగా గుడ్డ చుట్టి, కడ్డీ మీద గీత పెట్టి లోపలికి నెట్టండి. గీత ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి కడ్డీ ఎన్ని అంగుళాలు దిగిందో అదే ట్విస్ట్. పనిలో పనిగా బ్యారెల్ మీది ముద్రను కూడా చదవండి. .223 అని మాత్రమే ఉంటే, చూడటానికి అలాగే ఉండే 5.56 సైనిక తూటాలు అందులో పెట్టకండి, పీడనం ప్రమాదకర స్థాయికి చేరవచ్చు.

ఒక్కదెబ్బ: నా రైఫిల్ ట్విస్ట్ నాకు తెలియదు, అయినా పందులు పడుతున్నాయి.

చిట్టడవి: మెలికలెక్క గారు చెప్పినట్లే మూడుసార్లు కొలిచాను, ప్రతిసారీ 12 అంగుళాలే వచ్చింది, అంటే కొన్న 77 గ్రెయిన్ల పెట్టెలు రెండూ నాకు పనికిరావు. 55 గ్రెయిన్ల బాండెడ్ సాఫ్ట్ పాయింట్‌తో కాగితం మీద పరీక్షించి చూస్తాను. గురిని 50 మీటర్లకు కుదుర్చుకోవాలా, 100 మీటర్లకా అన్నది మాత్రం ఇంతవరకూ ఒక్కరూ చెప్పలేదు.